నాన్నకు మాట పోయింది, ఎక్కాలు మాత్రం చెబుతున్నారు: మెదడులో ఏం జరిగి ఉంటుంది?

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి పోయిన నెలలో పక్షవాతం వచ్చింది. ఎంఆర్‌ఐ తీసి, ఎడమవైపు మెదడులో రక్తనాళం మూసుకుపోయిందని చెప్పారు. ఇప్పుడు ఇంటికి తీసుకొచ్చాం. కుడి కాలు కొంచెం లేపుతున్నారు కానీ కుడి చెయ్యి అసలు కదలడం లేదు. మూతి ఒక పక్కకు లాగినట్టుంది. మాట దాదాపు పోయింది. "అదే... అదే" తప్ప ఇంకో మాట రావడం లేదు. మంచినీళ్లు కావాలన్నా ఎడమ చేత్తో చూపించాల్సిందే.

ఆయన లెక్కల మాస్టారు. మొన్న మా పాప మంచం పక్కన కూర్చుని ఎక్కాలు చదువుతూ మధ్యలో ఆగింది. నాన్న వెంటనే అందుకుని "ఏడు ఎనిమిదులు యాభై ఆరు, ఏడు తొమ్మిదులు అరవై మూడు" అని గడగడా చెప్పేశారు! మేమంతా పరుగెత్తుకెళ్లాం. "నాన్నా, నీళ్లు కావాలా?" అంటే మళ్లీ "అదే... అదే". మాట వచ్చి కూడా మొండికేస్తున్నారని అమ్మ అంటోంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలైతే ఆయన ముందే "పాపం, మతి పోయింది" అనేస్తున్నారు. ఆ మాట విన్నప్పుడు నాన్న కళ్లు చూస్తే నాకు ఏడుపొస్తోంది.

ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి పడిపోవడం ఏమిటి? ఎక్కాలు వచ్చే నోటికి నీళ్లు అనే మాట ఎందుకు రాదు? అసలు మేం మాట్లాడేది ఆయనకు అర్థమవుతోందా? తెలిసినవాళ్లు చెప్పండి.

న్యూరో పీజీ:
పెన్నాతీరం గారూ, నేను న్యూరాలజీలో పీజీ చేస్తున్నాను. స్కాన్ చూడకుండా మీ నాన్నగారి గురించి ఖాయంగా ఏమీ చెప్పలేను. మీరు రాసిన లక్షణాలకు మాత్రం లెక్క కుదురుతోంది.

కదలికలకు ఆజ్ఞలిచ్చే భాగం మెదడు పైపొరలో ఒక పట్టీలాగా ఉంటుంది. నడినెత్తి దగ్గర మొదలై చెవి వైపు దిగుతుంది. అక్కడి నుంచి నాడీ తంతువులు కిందికి వస్తాయి. మెదడు వెన్నుపాముగా మారే చోటును స్కూల్లో మజ్జాముఖం అని చదువుకున్నాం కదా, అక్కడ నూటికి 85 నుంచి 90 తంతువులు ఎదుటి వైపుకు దాటిపోతాయి. అందుకే ఎడమ మెదడు ఆజ్ఞ కుడి చేతికి వెళుతుంది.

ఇక కాలు కదులుతూ చెయ్యి కదలకపోవడం. ఆ పట్టీలో కాలి భాగం పైన, రెండు అర్ధగోళాల (మెదడు ఎడమ, కుడి సగాల) మధ్య లోపలి గోడ మీద ఉంటుంది. చేతిదీ ముఖానిదీ బయటి వైపున ఉంటాయి. 1930లలో మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ రోగులు మెలకువగా ఉండగానే మెదడు మీద సన్నని కరెంటు తాకించి, ఎక్కడ ముట్టుకుంటే ఏ భాగం కదులుతోందో గుర్తు పెట్టుకుంటూ పోయాడు. మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు కాబట్టి అది సాధ్యమైంది. ఆ పటంలో వీపుకూ తొడకూ దక్కిన చోటు చాలా తక్కువ. వేళ్లకూ పెదాలకూ నాలుకకూ బోలెడంత ఉంటుంది.

బయటి వైపు భాగానికి రక్తం తెచ్చేది మధ్య మస్తిష్క ధమని. పక్షవాతంలో ఎక్కువగా మూసుకుపోయేది ఇదే. కాలి భాగానికి రక్తం ముందువైపు ధమని నుంచి వస్తుంది. మీ నాన్నగారికి చెయ్యీ మూతీ మాటా ఒకేసారి దెబ్బతిని, కాలు కాస్త మిగలడం చూస్తే మధ్య ధమని దారే అనిపిస్తోంది. మాటను తయారుచేసే భాగం కూడా అక్కడే, ముఖం భాగానికి ముందు ఆనుకుని ఉంటుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి భాష ఎడమ మెదడులోనే ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లలో కూడా దాదాపు 70 మందికి అంతే.

మాట గురించి స్పీచ్ థెరపీ వాళ్లు నాకంటే బాగా చెబుతారు.

మాటల అక్క:
నేను స్పీచ్ థెరపిస్టును. చెల్లీ, ముందు మీ అమ్మగారికి చెప్పు: ఇది మొండితనం కాదు. చుట్టాలకు ఇంకా గట్టిగా చెప్పు: మతి పోలేదు.

1861లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. అప్పటికి 21 ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. ఏం అడిగినా "టాన్, టాన్" అనేవాడు. కుడి చెయ్యి, తర్వాత కుడి కాలు పడిపోయాయి. ఎదుటివాళ్ల మాటలు మాత్రం చాలావరకు అర్థం చేసుకునేవాడు, చేతి సైగలతో జవాబిచ్చేవాడు, ఎవరికీ అర్థం కాకపోతే కోపం తెచ్చుకునేవాడు. అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే డాక్టరు మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగంలో కింది మడత దెబ్బతిని ఉంది. ఆ చోటును ఇప్పటికీ బ్రోకా ప్రాంతం అంటున్నాం. ఆ మెదడు పారిస్‌లో ఈరోజుకీ భద్రంగా ఉంది.

1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ డాక్టరు దీనికి తిరగేసిన కథ చెప్పాడు. చెవి పైన, కొంచెం వెనకవైపు భాగం దెబ్బతిన్నవాళ్లు ధారాళంగా మాట్లాడతారు. కానీ ఆ మాటలకు అర్థం ఉండదు, మనం అనేదీ వాళ్లకు సరిగా ఎక్కదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ నాన్నగారిది మొదటి రకానికి దగ్గరగా ఉంది. ఇంట్లోనే కొంత చూడవచ్చు. చేత్తో చూపించకుండా, ముఖంలో ఏ సూచనా లేకుండా అడుగు: "ఇది ఎండాకాలమా?", "మన ఇంట్లో ఏనుగు ఉందా?", "కళ్లు మూసుకోండి". తలూపడం సరిగ్గా ఉంటే చాలా అర్థమవుతున్నట్టే. చిన్న వాక్యాలు అందుతూ పొడుగు వాక్యాలు జారిపోవచ్చు, అదీ గమనించు.

ఇప్పుడు ఎక్కాల సంగతి. "నీళ్లు కావాలి" అనాలంటే ముందు ఆ ఆలోచన రావాలి, దానికి మాట వెతకాలి, ఆ శబ్దాలను వరుసలో పేర్చాలి, పెదాలకూ నాలుకకూ ఆజ్ఞ పంపాలి. ప్రతిసారీ కొత్తగా కట్టాల్సిన వాక్యం అది. ఎక్కాలు అలా కాదు. ఏళ్ల తరబడి నోటికి పట్టిన గొలుసు. మొదటి ముక్క అందితే మిగతాది దానంతట అదే వస్తుంది. వారాల పేర్లు, ఒకటి నుంచి పది అంకెలు, రోజూ చదివే శ్లోకాలు, పాటలు, కోపంలో వచ్చే తిట్లు కూడా ఇదే జాతి. వీటికి కుడి మెదడూ, లోతున ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగాలూ సాయం చేస్తాయని అనుకుంటున్నారు. 1745లోనే స్వీడన్‌లో ఒకతని గురించి రాసి పెట్టారు: కుడివైపు పడిపోయింది, "అవును" తప్ప మాట లేదు, కానీ ప్రార్థన గీతాలు స్పష్టంగా పాడేవాడు.

అమ్మ బాధపడేది కూడా అక్కడే. "అంత చక్కగా ఎక్కాలు చెప్పినాయన నన్ను పేరు పెట్టి పిలవలేడా?" అని. పిలవలేరు, ఇప్పటికి. ఆమె పేరు ఆయన మనసులో ఉంది, నోటి దాకా దారి తెగింది.

మిర్చితోట:
అమ్మా పెన్నాతీరం, మాది ఖమ్మం వైపు పల్లె. మా దగ్గర కాలూ చెయ్యీ పడిపోతే పావురం నెత్తురు రాస్తారు. మా పెదనాన్నకు కూడా రాశారు, రెండు నెలలకు నడిచాడు. నాటు మందు ఇచ్చేవాళ్లు దగ్గరలో ఉంటే ఒకసారి చూపించండి. ఇంగ్లీషు మందులు వాడుతూనే ఇదీ చేయొచ్చు కదా.

ఫిజియో ఓరుగల్లు:
మిర్చితోట అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు. మా వార్డుకు కూడా నెత్తురు మరకలతో వచ్చేవాళ్లున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

పొలంలో మోటారు బాగానే ఉండి, స్టార్టరు పెట్టె దగ్గర వైరు కాలిపోతే మోటారుకు ఎంత గ్రీజు రాసినా నీళ్లు రావు కదా. ఇక్కడ చెయ్యి బాగానే ఉంది. దెబ్బ పుర్రె లోపల తగిలింది. చర్మం మీద రాసే ఏదీ అక్కడికి పోదు. మీ పెదనాన్నగారు నడిచారంటే నమ్ముతాను. పక్షవాతం వచ్చిన మొదటి వారాల్లో మెదడులో వాపు దిగుతుంది. చచ్చిపోకుండా సగం ప్రాణంతో ఉన్న భాగాలు తేరుకుంటాయి. చాలామందికి కాలు మొదటి మూడు నెలల్లోనే బాగా కోలుకుంటుంది. ఆ రోజుల్లో ఏది రాస్తే దానికి పేరొస్తుంది.

నష్టం ఏమిటంటే టైము పోతుంది. పక్షవాతం వచ్చిన పూటే పావురం కోసం వెతుకుతూ ఆసుపత్రికి వెళ్లనివాళ్లను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది.

పెన్నాతీరం గారూ, మీరు ఈరోజు నుంచే చూసుకోవాల్సింది భుజం. పడిపోయిన చెయ్యి పట్టుకుని ఎవరూ నాన్నగారిని లేపకూడదు. భుజం కీలును పట్టి ఉంచేది కండరాలే. అవి వదులైపోయినప్పుడు చెయ్యి లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వ్యాయామమే చేయనివ్వదు. నడుము దగ్గర పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు చెయ్యి కిందికి వేలాడకుండా దిండు మీద పెట్టండి. మరికొన్ని వారాల్లో వేళ్లు బిగుసుకుని ముడుచుకోవచ్చు. వెన్నుపాము మీద మెదడుకు ఉండే అదుపు తప్పడం వల్ల వచ్చే బిగుతు అది, బలం వచ్చిందనుకోవద్దు. మెల్లగా చాపుతూ ఉండాలి.

వేళ్లలో, మణికట్టులో కాస్త కదలిక వస్తే అప్పుడు మంచి చేతిని కట్టిపెట్టి పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి ఒకటుంది. ఎడ్వర్డ్ టౌబ్ అనే అమెరికా సైకాలజిస్టు తయారుచేశాడు, పెద్ద పరీక్షల్లో కూడా నిలబడింది. కదలికే లేని చేతికి అది పనికిరాదు, మీ ఫిజియో చెప్పాకే మొదలుపెట్టండి. చేసినదే వందలసార్లు చేయడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. గ్లాసు అందుకోవడం, తువ్వాలు మడవడం, చొక్కా గుండీ పెట్టడం లాంటి నిజమైన పనులైతే ఇంకా మంచిది.

టైలరింగ్ షాప్:
ఇక్కడే ఒక డౌటు అడుగుతాను. నాకు రెండేళ్ల కింద పొద్దున్నే అద్దంలో చూసుకుంటే మూతి వంకర పోయి ఉంది. పక్షవాతమని ఇల్లంతా టెన్షన్. ఆసుపత్రిలో కనుబొమ్మలు పైకెత్తమని, కళ్లు గట్టిగా మూయమని చెప్పి, స్కాన్ కూడా లేకుండా ఇది పక్షవాతం కాదన్నారు. స్టెరాయిడ్ మాత్రలిచ్చారు, రెండు నెలలకు సరిపోయింది. కనుబొమ్మ చూసి ఎలా చెప్పారో ఇప్పటికీ తెలియదు.

న్యూరో పీజీ:
మీకు వచ్చింది బెల్స్ పాల్సీ అయి ఉండాలి. మెదడు నుంచి నేరుగా బయలుదేరే కపాల నాడులు 12 జతలు. వాటిలో ఏడోది ముఖ కండరాలను కదిలిస్తుంది. చెవి దగ్గర పుర్రె ఎముకలో సన్నని సొరంగంలోంచి బయటికొస్తుంది. ఆ ఇరుకులో నాడి వాచితే నలిగిపోతుంది. నాడే నలిగింది కాబట్టి ఆ వైపు ముఖమంతా పడిపోతుంది: నుదురు ముడతపడదు, కన్ను మూసుకోదు, మూతి జారుతుంది.

పక్షవాతంలో నాడి బాగానే ఉంటుంది, దానికి పైనుంచి ఆజ్ఞలిచ్చే మెదడు భాగం పోతుంది. నుదుటి కండరాలకు రెండు అర్ధగోళాల నుంచీ ఆజ్ఞ వస్తుంది. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. అందుకే పక్షవాతంలో సాధారణంగా మూతి జారినా నుదురు ముడతపడుతుంది. స్టెరాయిడ్ మూడు రోజుల్లోపు మొదలుపెడితే ఎక్కువ గుణం కనిపిస్తుంది. కన్ను మూసుకోనన్నాళ్లు చుక్కల మందు వేస్తూ కాపాడుకోవాలి.

కానీ దయచేసి ఇది చదివి ఎవరూ ఇంట్లో అద్దం ముందు పరీక్ష పెట్టుకోకండి. మూతి జారినా, చెయ్యి పడినా, మాట తడబడినా వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే. రక్తనాళం మూసుకుందా చిట్లిందా అన్నది బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. మూసుకున్నప్పుడు గడ్డను కరిగించే మందు చిట్లినవాళ్లకిస్తే ప్రాణం పోతుంది. ఆ మందు మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుంటే తొడ దగ్గర నుంచి తీగ పంపి గడ్డను లాగేస్తారు. దానికి మామూలుగా 6 గంటలు, స్కాన్ అనుకూలంగా ఉన్న కొందరికి 24 గంటల దాకా వీలుంటుంది. పెద్ద నాళం మూసుకుని ఉంటే నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో లెక్క వేశారు. మొత్తం మెదడులో ఉన్నవి సుమారు 8,600 కోట్లు. ఒంట్లో రెండు శాతం బరువున్న ఆ మెదడు ఇరవై శాతం ఆక్సిజన్ వాడుకుంటుంది. నిల్వ పెట్టుకునే వీలు దానికి లేదు, అందుకే అంత తొందర.

నిద్రలేచేసరికే లక్షణాలుంటే, చివరిగా బాగున్నది ఎప్పుడో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. గడియారం అక్కడి నుంచి మొదలవుతుంది.

డల్లాస్ అల్లుడు:
మా మామగారిది దీనికి పూర్తిగా తిరగేసిన పరిస్థితి. విజయవాడలో ఉంటారు. ఆయనకు కుడి మెదడులో వచ్చింది. మాట నిక్షేపంలా ఉంది. ఫోన్లో రాజకీయాలు మాట్లాడేవారు. "ఏం పర్లేదు బాబూ, బాగున్నా" అనేవారు. నేను అమెరికా నుంచి విని నిజమే అనుకున్నాను. తర్వాత అత్తయ్య చెప్పింది: విస్తట్లో కుడివైపున్నవే తింటున్నారట, ఎడమవైపు కూర అలాగే ఉంటోందట. కూర వేయలేదని అత్తయ్య మీద కోప్పడుతున్నారట. గడ్డం సగమే గీసుకుంటున్నారు. ఎడమ చెయ్యి పైకెత్తండి అంటే కదలకుండానే "ఎత్తాను కదా" అంటున్నారు. చూపు పరీక్ష చేస్తే కళ్లు బాగున్నాయన్నారు.

న్యూరో పీజీ:
కళ్లు చూస్తున్నాయి, మెదడు పట్టించుకోవడం లేదు. కుడి మెదడు పక్కభాగం దెబ్బతింటే ఎడమవైపు ప్రపంచం మీద ధ్యాస పోతుంది. తన చెయ్యి పడిపోయిన సంగతి కూడా తెలియకపోవచ్చు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఇలాంటివాళ్లకు ప్రమాదం ఎక్కువ, బాగున్నాననుకుని లేచి నడవబోయి పడతారు. ఎడమవైపు కూర్చుని మాట్లాడమనండి. విస్తరి ఎడమ అంచున ఎర్ర గుడ్డ ముక్క లాంటిది పెట్టి, అది కనిపించేదాకా తల తిప్పమని గుర్తు చేస్తూ ఉండమనండి. మాట బాగుంది కదా అని ఫిజియో మానేయకండి.

నిర్వాహకులు:
మంచి చర్చ. ఒక మనవి: స్కాన్ రిపోర్టుల ఫొటోలు పెట్టేవారు పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు చెరిపేసి పెట్టండి. మందుల డోసులు ఇక్కడ చెప్పవద్దు.

పెన్నాతీరం:
అక్కా, నువ్వు చెప్పినట్టే అడిగాను. ఏనుగు ఉందా అంటే నాన్న నవ్వారు! తల అడ్డంగా ఊపారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి అక్కడే కూర్చుండిపోయింది. ఇంకెవరూ ఆయన ముందు మతి గురించి మాట్లాడకుండా అమ్మే చూసుకుంటోంది.

ఇంకో సందేహం. నాన్నకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ వచ్చు. చిన్నప్పుడు హైదరాబాదులో పెరిగారు. మూడు భాషలూ కలిపితే మెదడు గందరగోళపడుతుంది, ఒకటే మాట్లాడండి అని ఒకరు చెప్పారు. నిజమేనా? పలక ఇస్తే రాస్తారేమో అనీ చూశాం, గీతలు తప్ప రావడం లేదు.

మాటల అక్క:
పలక సంగతి ముందు. రాయడం కూడా భాషే. మాట కట్టే చోటు దెబ్బతింటే రాతకూ దెబ్బే, పైగా కుడి చెయ్యి లేదు. బొమ్మల కార్డులు చేయి: నీళ్లు, అన్నం, బాత్రూం, ఫ్యాను, నొప్పి, మనవరాలు. ఇంటి వస్తువుల ఫొటోలే అయితే మరీ మంచిది.

భాష విషయంలో ఇంట్లో ఏది మాట్లాడతారో అదే మాట్లాడు. ఉర్దూలో ఒక మాట వస్తే సంతోషంగా తీసుకో, తెలుగులో చెప్పమని ఆపకు. ఎక్కువ భాషలు రావడం భారం కాదు. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్‌లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండు అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచనా శక్తి మామూలుగా నిలిచింది. ఒకే భాష వచ్చినవాళ్లలో అది 19.6 శాతమే. మాట పోవడం మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. అంటే భాషలు పక్షవాతాన్ని ఆపలేదు, మాటనూ ఆపలేదు, మిగతా ఆలోచనకు అండగా ఉన్నట్టు కనిపిస్తోంది. మన ఊళ్లలో సంతలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు మాట్లాడిన మామూలు మనుషుల మీద జరిగిన పని ఇది, అందుకే నాకు చాలా ఇష్టం.

మాట్లాడేటప్పుడు టీవీ కట్టెయ్. ఒకసారికి ఒకరే మాట్లాడాలి. అడిగాక ఆగు, నీకు ఇబ్బందిగా అనిపించేంతసేపు ఆగు. ఆయన వాక్యం నువ్వు పూర్తి చేయకు. పాడే అలవాటుంటే, "నీళ్లు కావాలి" లాంటి మాటలను రాగంలో, ఎడమ చేత్తో తాళం వేస్తూ అనిపించే పద్ధతి 1973 నుంచి ఉంది. అందరికీ పనిచేయదు, మీ నాన్నగారి రకానికి ప్రయత్నించదగ్గది. థెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయండి.

ఒకటి అడగడం మరిచాను. నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తోందా? గొంతు తడిసినట్టు గరగరమంటోందా? అలా ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయేమో చూడాలి, న్యుమోనియా వస్తుంది. మంచం మీద పడుకోబెట్టి తాగించవద్దు, నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో.

మిర్చితోట:
ఫిజియో తమ్ముడు చెప్పింది అర్థమైంది. నాదీ ఒకటి ఉంది. షుగర్ పన్నెండేళ్లుగా ఉంది. రెండు అరికాళ్లూ తిమ్మిరి, రాత్రిపూట మంట. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఇది కూడా మెదడు నుంచేనా?

న్యూరో పీజీ:
కాదన్నా, ఇది దారి చివర జరిగే నష్టం. నడుము దగ్గర వెన్నుపాము నుంచి బయలుదేరి కాలి వేళ్ల దాకా ఒకే నాడీకణం తోక సాగుతుంది, దాదాపు మీటరు పొడవు. షుగర్ ముందుగా దెబ్బతీసేది అలాంటి పొడవైన వాటినే. అందుకే రెండు పాదాల్లో సమానంగా, వేళ్ల నుంచి మొదలై పైకి పాకుతుంది. పక్షవాతం ఒక పక్కకు, ఉన్నట్టుండి వస్తుంది. తెగిన నాడి ఒంట్లో అయితే రోజుకు ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది, మెదడులోనూ వెన్నుపాములోనూ అలా పెరగదు. మీరు షుగర్ పరీక్ష చేయించి, చెప్పులు లేకుండా పొలంలోకి దిగడం మానండి. రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి. పుండు పడ్డా మీకు నొప్పి తెలియదు.

పెన్నాతీరం:
దగ్గు లేదక్కా, కూర్చోబెట్టే తాగిస్తున్నాం. న్యూరో గారూ, తెగినవి పెరగవంటే నాన్న కోలుకోవడం ఎలా? ఇంకోటి, ఎవరైనా వస్తే చాలు ఏడ్చేస్తున్నారు. మనిషి జీవితంలో కంటతడి పెట్టి ఎరుగరు.

న్యూరో పీజీ:
పోయిన కణాలు తిరిగి రావు. బతికి ఉన్నవి కొత్త కొమ్మలు వేసుకుంటాయి, పక్క భాగాలు ఆ పని కొంత నేర్చుకుంటాయి. అది జరిగేది పని చేయిస్తేనే. మొదటి నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మాట విషయంలో ఏళ్ల తర్వాత కూడా మెరుగుపడినవాళ్లున్నారు.

ఏడుపులో రెండు రకాలుంటాయి. చిన్న కారణానికే పొంగుకొచ్చి నిమిషంలో ఆగిపోయేది ఒకటి. భావాలను అదుపు చేసే దారులు తెగినప్పుడు వస్తుంది, లోపల అంత దుఃఖం ఉండకపోవచ్చు. అప్పుడు మాట మార్చండి, ఓదార్చే కొద్దీ పెరుగుతుంది. రెండోది నిజమైన డిప్రెషన్. పక్షవాతం వచ్చిన ముగ్గురిలో ఒకరికి వస్తుంది. తిండి మానడం, రాత్రంతా మేలుకోవడం, వ్యాయామానికి సహకరించకపోవడం, మనవరాలు వచ్చినా ముఖం తిప్పుకోవడం ఉంటే అదే. మాట లేని మనిషి చెప్పుకోలేరు కాబట్టి మీరే గమనించి వచ్చే ఓపీలో డాక్టరుకు చెప్పండి. రెండింటికీ మందులున్నాయి. బీపీ మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర మాత్రం బాగున్నారు కదా అని ఒక్కరోజు కూడా ఆపకండి.

పెన్నాతీరం:
సోమవారం ఓపీకి తీసుకెళుతున్నాం. ఈ రెండు రకాల ఏడుపు సంగతి కాగితం మీద రాసుకున్నాను, అడుగుతాను.